ట్రాస్తేవెరెలో ఎక్కడ తినాలి? పాఠకుల ప్రశ్నలకి మా జవాబులు

ప్రశ్న: ఏప్రిల్లో మావారు, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలతో రోమ్ వెళ్తున్నాం, రూమ్ ట్రాస్తేవెరెలో దొరికింది. అక్కడంతా టూరిస్టుల హోటళ్ళే, రేటెక్కువ రుచి తక్కువ అని కొందరు, రోమ్ వెళ్తే తినాల్సింది అక్కడే అని ఇంకొందరు. ఏది నమ్మాలి? అత్తయ్యగారు ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టరు. మేం చికెన్, మటన్ తింటాం, బీఫ్, పోర్క్ తినం. (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండు మాటలూ నిజమేనండి, మీరు ఏ వీధిలో కూర్చున్నారన్నదే తేడా. టైబర్ నదికి పడమటి ఒడ్డున ఉన్న ఈ పాత పేటని వియాలే ది ట్రాస్తేవెరె అనే పెద్ద రోడ్డు రెండు ముక్కలు చేస్తుంది, 8వ నంబర్ ట్రామ్ దాని మీదే వెళ్తుంది. ఒకవైపు సాంతా మరియా చర్చి, దాని ముందు పెద్ద పియాట్సా (ఖాళీ కూడలి), పియాట్సా సొన్నీనో నుంచి అక్కడికి తీసుకెళ్ళే వియా డెల్లా లుంగరెట్టా అనే వీధి, జనం అంతా ఇక్కడే, మనం తిట్టుకునే హోటళ్ళు కూడా ఎక్కువ ఇక్కడే. రోడ్డు దాటి రెండో వైపు వెళ్తే సాంతా చెచీలియా చర్చి చుట్టుపక్కల, వియా దెయ్ వాషెల్లారి, పియాట్సా దెయ్ పోంజియానీ, ఇవన్నీ ప్రశాంతంగా ఉండే సందులు, మీరు ముందు అటు చూడండి.

ఇక మెనూ పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఇండియా? నమస్తే! వెజ్ పిజ్జా!" అని పిలిచేవాళ్ళు కనబడతారు, అచ్చం మన బస్టాండులో దిగగానే చుట్టుముట్టే ఆటోవాళ్ళలాగే, ఓ నవ్వు నవ్వి ముందుకెళ్ళిపోండి. బాగా నడిచే ట్రాటోరియాకి, అంటే ఇంటి తరహా చిన్న హోటల్‌కి, వీధిలోంచి మనుషుల్ని లాక్కొచ్చే అవసరం ఉండదు. ఇంగ్లీష్ మెనూ ఉంటే ఆ హోటల్ దండగ అని చాలామంది రాస్తుంటారు, నేనైతే ఒప్పుకోను, టూరిస్టులొచ్చే పేటలో ఇంగ్లీష్ మెనూ అందరూ పెడతారు. చూడాల్సింది అందులో ఏముందని. రోమ్ పాస్తాలు ముఖ్యంగా నాలుగు: కాచో ఎ పేపె (చీజ్, మిరియాలతో), గ్రీచా, అమాట్రిచానా, కార్బొనారా. ఇవి ఉండి, మొత్తం ఒకటి రెండు పేజీల్లో అయిపోయే మెనూ అయితే కూర్చోండి. అలా కాకుండా ఫొటోలతో పది పేజీలు, లసాన్యా, పెస్తో, పాయెయా, ఆల్ఫ్రెడో అన్నీ ఒకేచోట ఉన్నాయంటే లోపల ఫ్రీజరే వంటవాడు. ఐటమ్ పక్కన నక్షత్రం గుర్తు (*) ఉండి కింద చిన్న అక్షరాల్లో సుర్జెలాతో అని ఉంటే అది ఫ్రోజెన్ సరుకు. కార్బొనారాలో పడేది గుడ్డు, పెకొరీనో చీజ్, పంది దవడ మాంసం, మిరియాలు, అంతే, అందులో క్రీమ్ అని రాసి ఉంటే మెనూ మూసేసి లేచి వచ్చేయండి.

ఆ పంది దవడ మాంసమే గ్వాంచాలే, మీకు అసలు చిక్కు ఇదే. నాలుగు పాస్తాల్లో మూడింట్లో ఉంటుంది, ఒక్క కాచో ఎ పేపెలోనే ఉండదు. బీఫ్ వద్దంటే మాంజో (బీఫ్), విటెల్లో (దూడ మాంసం) అన్న మాటలు గుర్తుపెట్టుకోండి, కోడా అంటే ఎద్దు తోక, త్రిప్పా అంటే ఆవు పొట్ట, మన బోటీ లాంటిది. మీకు పనికొచ్చేవి అబ్బాక్యో అంటే లేత గొర్రె మాంసం, నిప్పుల మీద కాల్చిన చాప్స్ అయితే మటన్ ప్రియులు మెచ్చుకుంటారు, ఉప్పు కారం మనంత వేయరనుకోండి. క్యాప్సికంతో వండే చికెన్ కూడా రోమ్ వంటే, దొరికితే తినండి.

అత్తయ్యగారి విషయం కొంచెం జాగ్రత్తండి. "సెంజా కార్నే", మాంసం లేకుండా, అని చెప్తే సరిపోదు, చేప వాళ్ళ లెక్కలో మాంసం కాదు, చిన్న ఆంకోవీ చేప పుంటారెల్లె అనే ఆకుకూర సలాడ్‌లో ఉంటుంది, గుమ్మడి పువ్వు బజ్జీలో కూడా ఉంటుంది, చూట్టానికి మాత్రం రెండూ పక్కా వెజ్జే. పెకొరీనో రొమానో గొర్రె పాలతో చేసే చీజ్, పాలు విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, అది పట్టింపు అయితే చీజ్ వేయొద్దని చెప్పాలి. ఫెట్టుచీనె, తొన్నరెల్లి లాంటి తాజా పాస్తాల్లో గుడ్డు ఉంటుంది కాబట్టి ఎండు స్పగెట్టీనో, పెన్నెనో అడగండి. చీజ్ లేకుండా అరాబియాటా చెప్పండి, టమాటా వెల్లుల్లి ఎండుమిర్చి, మన నోటికి దగ్గరగా ఉండేది అదే. వెల్లుల్లి, మిర్చి వేసి వేయించిన చికోరియా ఆకుకూర, చీజ్ వేయని మరినారా పిజ్జా కూడా ఉన్నాయి. ఏప్రిల్ అంటే ఆర్టిచోక్ (పెద్ద మొగ్గలా ఉండే కూరగాయ) సీజన్, పుదీనా లాంటి ఆకు, వెల్లుల్లి కూరి ఆలివ్ నూనెలో మగ్గబెట్టే కార్చోఫీ అల్లా రొమానా మాత్రం వదలకండి.

ఇంకో దారి ఉంది, దీని గురించి మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. టైబర్ ద్వీపం మీదుగా రెండు వంతెనలు దాటితే పాత యూదుల పేట, వియా దెల్ పోర్టికో ద ఒట్టావియా. యూదులు ముందు ట్రాస్తేవెరెలోనే ఎక్కువగా ఉండేవాళ్ళు, 1555లో పోప్ ఆజ్ఞతో ఆ ఒడ్డున గెట్టోలో, అంటే యూదులకి కేటాయించిన పేటలో, పెట్టారు. అక్కడి కోషర్ హోటళ్ళలో, అంటే యూదుల మత నియమాల ప్రకారం వండేచోట, పోర్క్ అసలు ఉండదు, పైగా మాంసం, పాలు ఒకే వంటింట్లో కలపరు, అంటే డెయిరీ కోషర్ హోటల్ అయితే మాంసం లోపలికే రాదు, చేప, గుడ్డు మాత్రం ఉండొచ్చు. ఆర్టిచోక్‌ని పువ్వులా విచ్చుకునేలా నూనెలో కరకరలాడేట్టు వేయించేది ఈ పేట వంటే. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుపోయేదాకా మాత్రం మూసేస్తారు.

ప్రశ్న: పోయినసారి రోమ్‌లో ఒకచోట బిల్లులో కొపెర్తో అని మనిషికి ఇంతని వేశారు, చేపకైతే మెనూలో రాసినదానికి ఎన్నో రెట్లు తీసుకున్నారు. ఇది మోసమేనా? టిప్ కూడా ఇవ్వాలా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: రెండూ వేరువేరండి. కొపెర్తో అంటే టేబుల్ దగ్గర కూర్చున్నందుకు వేసే చార్జి, ఇటలీలో చాలాచోట్ల మామూలే, కానీ రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006 చట్టం ప్రకారం అది వేయకూడదు. అందుకే పానె, అంటే బ్రెడ్, అని పేరు మార్చి వేస్తుంటారు, బ్రెడ్ వద్దని ముందే చెప్పి వెనక్కి పంపేస్తే ఆ డబ్బు కట్టక్కర్లేదు. సర్వీస్ చార్జి వేస్తే అది మెనూలో రాసుండాలి. టిప్ తప్పనిసరి కాదు, సర్వీస్ నచ్చితే చిల్లర వదిలేయండి చాలు.

చేప సంగతి మాత్రం మోసం అని వెంటనే అనలేం. ధర పక్కన ఎట్టో అని ఉంటే అది 100 గ్రాముల రేటు, 800 గ్రాముల చేప తెస్తే ఎనిమిది రెట్లు. వండకముందే తూకం వేసి మొత్తం ఎంతో చెప్పమని అడగడం తప్పేం కాదు, సిగ్గుపడకండి. కాఫీ కూడా అంతే, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, పియాట్సాలో కుర్చీ వేసుక్కూర్చుంటే ఇంకో రేటు.

ప్రశ్న: రీల్స్‌లో తెగ చూపించే ట్రాస్తేవెరె హోటల్ దా ఎంజో అల్ 29 ముందు పెద్ద క్యూ అట. పసిపిల్లతో నిలబడడం అవసరమా? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: వంట బాగుంటుంది, అందులో అనుమానం లేదు, కానీ చిన్న హోటలు, పసిపిల్లతో అయితే నేను నిలబడను. రోమ్‌లో రాత్రి భోజనం 7.30, 8 దాకా మొదలవదు, మధ్యాహ్నం 3 తర్వాత మంచి వంటిళ్ళు మూసేస్తారు, కాబట్టి తెరిచే టైముకి కాస్త ముందు వెళ్ళగలిగితే సరే, లేదంటే రిజర్వేషన్ ఇచ్చే వేరే ట్రాటోరియాకి మీరు దిగిన హోటల్ వాళ్ళ చేత ఫోన్ చేయించండి. సాయంత్రం 6కే ఆకలి వేస్తే వియా సాన్ ఫ్రాంచెస్కో అ రీపాలో సుప్లీ అనే చిన్న కొట్టు ఉంది, అన్నంతో చేసే బోండాలాంటిది వేడివేడిగా ఇస్తారు, మధ్యలో చీజ్ సాగుతుంది, మామూలు సుప్లీలో మాంసం సాస్ ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి, పిజ్జా ముక్కలు కూడా దొరుకుతాయి. పెద్దరోడ్డు మీద ఆయ్ మార్మీ ఉంది, పాలరాతి బల్లల్ని చూసి దానికి శవాగారం అని పేరు పెట్టారు రోమ్ జనం, పిజ్జా మాత్రం పల్చగా కరకరలాడుతూ వస్తుంది, రాత్రిపూటే తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం అయితే స్థానిక కుటుంబాలే టేబుళ్ళు నింపేస్తాయి, ఆ పూటకి రెండు మూడు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. ఆగస్టు 15 (ఇటలీలో వేసవి పండగ) చుట్టుపక్కల వెళ్తుంటే చాలా హోటళ్ళకి సెలవులు, బయల్దేరే ముందే తెరిచుంటుందో లేదో కనుక్కోండి.