అత్తయ్యగారి మీదకి ఎందుకు ఎగరడు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీలో ఫ్లాట్. మావారు, పదేళ్ల బాబు, అత్తయ్యగారు, నేను ఉంటాం. ఏడాది కిందట మావారు చిన్న పామేరియన్ పిల్లని తెచ్చారు, పేరు బంటి. బెల్ మోగితే చాలు, వచ్చినవాళ్ల మీదకి ఎగిరిపోతాడు. మావారు ఆఫీసు నుంచి రాగానే అలాగే ఎగిరితే ఆయన ఎత్తుకుని ముద్దులాడతారు. మొన్న వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లని పిలిచాం. మావారి పిన్నిగారు గుమ్మంలో అడుగు పెట్టగానే ఎగిరాడు. పట్టుచీర జరీ పోగు లేచిపోయింది, చేతి మీద గోరు గీసుకుంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, గోడ పట్టుకోకపోతే పడిపోయేవారు. తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. మావారేమో "చిన్న కుక్కే కదా, ఏం చెయ్యదు" అని నవ్వేశారు. అత్తయ్యగారు "అదుంటుందో నేనుంటానో తేల్చుకోండి" అంటున్నారు. ఆవిడ మడితో తిరుగుతుంటే వాడు దగ్గరికి కూడా పోడు, అయినా ఆవిడకి వాడంటే పడదు. తిట్టాను, పేపరు చుట్టి కొట్టాను, లాభం లేదు. మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి విజయనగరం చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. బంటిని ఎవరికైనా ఇచ్చేయమంటారా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు పిన్నిగారి చెయ్యి సంగతి. పెంపుడు కుక్క గోరైనా సరే, గీసుకున్న వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, డాక్టరుకి చూపించాలి. ఆ రోజు గొడవలో ఇది జరిగి ఉండదు. ఇప్పుడైనా ఫోన్ చేసి, డాక్టర్ని కలవమని చెప్పండి. బంటికి ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా వేయించారో లేదో కార్డు తీసి చూసుకోండి, ఆ వివరం డాక్టరుకి పనికొస్తుంది. గోళ్లు కూడా కత్తిరించండి.

ఇక అసలు విషయం. మీరు మాటవరసకి రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అత్తయ్యగారు మడితో తిరుగుతుంటే వాడు దగ్గరికి పోడన్నారు. ముక్కూమొహం తెలియని కొరియర్ అబ్బాయి మీదకి కూడా ఎగిరే కుక్క, రోజంతా ఇంట్లో ఉండే మనిషి జోలికి ఎందుకు వెళ్లడు? నా ఊహ చెబుతాను, మీరు ఒకసారి గమనించి చూడండి. వాడు ఎదురొస్తే ఆవిడ కొంగు దగ్గరికి లాక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, ఉన్నచోటే నిలబడిపోతారు. ముట్టుకోరు, చూడరు, పేరు పెట్టి పిలవరు. వాడు ఓ నిమిషం తోక ఆడించి, ఇక్కడ మనకేం గిట్టుబాటు కాదనుకుని పోతాడు. ట్రైనర్లు ఫీజు తీసుకుని నేర్పేది కూడా దాదాపు ఇదే. మీ ఇంట్లో వాడంటే పడని మనిషే ఆ పని ఉచితంగా చేస్తున్నారు.

కుక్కపిల్లలు తల్లి మూతి నాకి పలకరిస్తాయి. బంటి చేసేదీ ఆ పలకరింపే. మన మొహాలు వాడికి ఐదడుగుల ఎత్తున ఉన్నాయి, అందుకని ఎగురుతాడు. ఎగిరినప్పుడు మీవారు ఎత్తుకుంటారు. మీరు చేత్తో తోసి "దిగరా కిందికి" అని అరుస్తారు. మీకిది తిట్టు, వాడికి మాత్రం చెయ్యి తగిలింది, మాట వినబడింది, ఆట మొదలైంది. ఎలా చూసినా వాడికి లాభమే. పేపరుతో కొట్టడం మాత్రం ఆపేయండి. మోకాలితో తన్నమనీ, కాళ్లు తొక్కమనీ సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్ల మాటా వినకండి. చుట్టాలొచ్చినప్పుడల్లా దెబ్బలు పడితే వాడికి చుట్టాలంటేనే భయం పట్టుకుంటుంది. ఇవాళ ఎగిరేవాడు రేపు గుర్రుమంటాడు. అప్పుడు మీరు నాకు రాసే ఉత్తరం వేరేగా ఉంటుంది.

ఇచ్చేయాల్సిన పని లేదు. శ్రావణం నుంచి మార్గశిరానికి మధ్యలో మూడు నెలలు ఉన్నాయి, ఇంట్లో అందరూ ఒకేలా ఉంటే ఆ వ్యవధి చాలు. కానీ ఒకేలా ఉండటమే కష్టం. తొమ్మిదిసార్లు పట్టించుకోకుండా పదోసారి మీవారు ఎత్తుకున్నారనుకోండి, వాడికది లాటరీ తగిలినట్టు. ఇంకా పట్టుదలగా ఎగురుతాడు. ఇంకో మాట, మొదటి వారం పది రోజులు ఇదివరకటి కంటే ఎక్కువ ఎగురుతాడు. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయడం లేదని గట్టిగా ప్రయత్నిస్తాడన్నమాట. సరిగ్గా అప్పుడే చాలామంది విసిగిపోయి మానేస్తారు.

సాధన ఇలా చేయండి. గుమ్మం పక్కన మేకుకి బెల్టు తాడు తగిలించి ఉంచండి. చెప్పుల స్టాండు మీద చిన్న డబ్బా పెట్టి, అందులో శనగగింజంత క్యారెట్ ముక్కలో పనీర్ ముక్కలో వెయ్యండి (మీ వంటింట్లోకి చికెన్ వస్తుందో రాదో నాకు తెలియదు కదా). బాబుని బయటికి పంపి బెల్ కొట్టమనండి, ఆ పని వాడికి బాగా నచ్చుతుంది. తలుపు తీసేముందు బంటికి తాడు వేసి పట్టుకోండి. తాడు మీద కాలేసి నిలబడినా సరే, కూర్చోవడానికి వీలుండాలి, ఎగరడానికి ఉండకూడదు. తలుపు తీయండి. ఎగరబోతే బాబు మాట్లాడకుండా తిరిగి బయటికి వెళ్లి తలుపేసుకుంటాడు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలోనే ముక్క పెట్టండి, అది కూడా కిందికి, నేలకి దగ్గరగా. చెయ్యి పైకెత్తి ఊరిస్తే మళ్లీ ఎగరమని మీరే పిలిచినట్టు. ఈ లోపు "సిట్" కూడా విడిగా నేర్పండి. కూర్చున్న కుక్క ఎగరలేదు. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. దీపావళి రోజుల్లో మాత్రం వద్దు, టపాకాయల మోతకి వాడు సగం చచ్చి ఉంటాడు.

మొదట తేలికైన మనిషితో, తర్వాత కష్టమైన మనిషితో చేయాలి. మీ ఇంట్లో తేలికైన మనిషి అత్తయ్యగారు. గుడి నుంచి వచ్చినప్పుడు ఆవిడ ఎప్పట్లాగే మొహం తిప్పుకుని లోపలికి వస్తే చాలు, ముట్టుకోనక్కర్లేదు, మడికీ ఇబ్బంది లేదు. "మీ మీదకి మాత్రం ఎగరడు, ఏం చేస్తారత్తయ్యా, మాక్కూడా చెప్పండి" అని మీవారూ బాబూ ఉండగా అడగండి. ఆవిడ కోపం కుక్క మీద ఎంతో, తన మాట ఇంట్లో సాగడం లేదన్న దాని మీదా అంతే ఉంటుందని నా అనుమానం. ఆవిడ తర్వాత బాబు, ఆ తర్వాత పక్క ఫ్లాటువాళ్లు.

అందరికంటే కష్టమైన మనిషి మీవారు. "ఏం చెయ్యదండీ" అనే బాపతులో నేనూ ఒకప్పుడు ఉన్నాను కనక గట్టిగానే చెబుతున్నాను. అదే పని ఓ పెద్ద లాబ్రడార్ చేసి ఉంటే ఆయన ఆ రోజు నవ్వేవారు కాదు. చిన్న కుక్కకి చిన్నప్పట్నుంచీ అన్నీ చెల్లుతాయి, అదే దాని దురదృష్టం. అలాగని ఆయన ముద్దు మానుకోనక్కర్లేదు. సాయంత్రం లోపలికి వచ్చాక బ్యాగు పక్కన పెట్టి, వాడి కాళ్లు నేలకి ఆనేదాకా గోడకేసి చూస్తూ నిలబడాలి. ఆనాక తనే గొంతుక్కూర్చుని ఎంతసేపైనా నిమురుకోవచ్చు. మొహం కిందికి వస్తే వాడికి ఎగరాల్సిన పనేముంది? పొద్దున్నే ఎండెక్కకముందు బంటిని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లే పని కూడా ఆయనకే అప్పజెప్పండి. నడిచి అలిసిన కుక్క బెల్ మోగినా కొంచెం నెమ్మదిగా లేస్తుంది.

ఇల్లు నిండా జనం ఉన్న రోజున ఈ చదువులేవీ పరీక్షించకండి. చుట్టాలు వచ్చే వేళకి వాడిని లోపలి గదిలో నీళ్లు, పక్క, నమలడానికి బొమ్మ పెట్టి తలుపు వేసేయండి. అది శిక్షేం కాదు. అందరూ కూర్చుని కాఫీలు తాగడం మొదలెట్టాక, తాడుతో ఒకసారి బయటికి తెచ్చి చూపించండి. ప్రసాదం మాత్రం ఎవరినీ పెట్టనివ్వకండి. చక్కెర పొంగలిలో కిస్‌మిస్‌లు ఉంటాయి, అవి కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయి.

పిన్నిగారికి తాంబూలం బాకీ ఉండిపోయింది. మీరిద్దరూ కలిసి వాళ్లింటికి వెళ్లి ఇచ్చి రండి, బంటి లేకుండా. చీర బాగుచేయించి తెస్తామన్న మాట మీవారి నోటితోనే చెప్పించండి. ఆ రోజు నవ్వింది ఆయనే కదా.