బైపాస్ అయిన ఇంట్లో మళ్ళీ నవ్వులు రావాలంటే

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి బైపాస్ అయి ఇంటికొచ్చి పది రోజులైంది. ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడటం లేదు. కాస్త తేలికపడుతుందని మీరు "ఇక మీరు సెకండ్ హ్యాండ్ బండి నాన్నా, మెల్లగా నడపాలి" అన్నారు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. అమ్మగారు "నవ్వు నాలుగందాల చేటు" అని కసిరారు. ఇప్పుడు నోరు మూసుకోవాలా, ఇంకోలా ప్రయత్నించాలా?

ప్రయత్నించండి, కానీ గురి మార్చండి. ఇలాంటి ఇళ్ళు దగ్గరగా చూసిన అనుభవంతో చెప్తున్నా. నిన్నమొన్నటిదాకా ఇంటికి పెద్దగా తిరిగిన మనిషి ఇవాళ ఒకరు లేపితే లేస్తున్నారు. ఆయన్ని పాత బండి అంటే అది వేళాకోళం అవదు, రాత్రంతా తనలో తాను అనుకుంటున్నదాన్ని మీరు పైకి అనేసినట్టు అవుతుంది. మంచం పక్కన చేరిన సామాను మీద, డాక్టరు పెట్టిన నియమాల మీద, మీ మీద మీరు ఎన్ని జోకులు వేసుకున్నా పర్లేదు. ఆయన ఒంటి మీద మాత్రం వద్దు.

ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఎగతాళి అయిన విషయాన్ని మనిషి దాచేస్తాడు. నొప్పి, ఆయాసం, మలబద్ధకం, భయం, పొద్దున్నే చూసే బరువు, ఇవన్నీ ఆయన చెప్తేనే మీకు తెలిసేవి. "నాన్నకి బొజ్జ మళ్ళీ వచ్చేసిందర్రా" అని ఒక్కసారి నవ్వారా, మర్నాటి నుంచి బరువు తగ్గించి చెప్తారు. ఒక్క రోజులో కిలో పైన, వారంలో 2 కిలోల పైన పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమో అని చూడాలి, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం రావడం మామూలే. దాని మీద జోకు పడితే ఎవరికీ చెప్పకుండా బలవంతంగా ముక్కుతారు, అది గుండెకీ ఛాతీకీ మంచిది కాదు. స్నానం, దొడ్డికెళ్ళడం, ఒకరు పట్టుకుంటే నడవడం, వీటి దగ్గర మామూలుగా పని చేసుకుపోండి.

ఇక దగ్గినా నవ్వినా ఛాతీకి అదుముకోవాల్సిన దిండు సంగతి. బైపాస్‌లో ఛాతీ ఎముకను మధ్యకి కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, బాగా గట్టిపడటానికి 3 నెలల దాకా పడుతుంది. ఈలోగా దగ్గినా తుమ్మినా నవ్వినా లాగుతుంది. కుట్లు ఊడిపోతాయన్న భయంతో ఆయన నవ్వు ఆపుకుంటారు, మీరు నవ్వించడం మానేస్తారు. నవ్వినంత మాత్రాన కుట్లు ఊడవు. చిన్న, గట్టి దిండొకటి ఎప్పుడూ చేతికందేలా పెట్టి, దగ్గు వచ్చేముందూ నవ్వు వచ్చేముందూ దాన్ని రెండు చేతులతో ఛాతీకి అదుముకోమనండి. మెత్తటి దూది దిండు పనికిరాదు, అదిమితే నలిగిపోతుంది తప్ప ఆసరా ఇవ్వదు. ఆ దిండుకి ఒక పేరు పెట్టండి. "వియ్యంకుడు" చక్కగా సరిపోతుంది, వచ్చినప్పుడల్లా కావలించుకోవాల్సిందే కదా! ఇక దగ్గు రాబోతుంటే "దిండు పట్టుకో, దిండు పట్టుకో" అని రోజుకి ఇరవైసార్లు అరవక్కర్లేదు. "వియ్యంకుడు గుమ్మంలో ఉన్నారు" అంటే చాలు. చెప్పాల్సిన జాగ్రత్త చెప్పినట్టూ ఉంటుంది, సాధించినట్టూ ఉండదు. ఛాతీలో టక్కుమని శబ్దం వచ్చినా, ఎముక కదిలినట్టు అనిపించినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా సర్జన్‌కి వెంటనే చెప్పాలి.

ఊపిరితిత్తులకి వ్యాయామంగా గాలి పీల్చే మూడు బంతుల పరికరం, స్పైరోమీటర్, ఆస్పత్రివాళ్ళు ఇచ్చే ఉంటారు. పిల్లలు దూరడానికి దానికన్నా మంచి సందు లేదు. మేలుకుని ఉన్నప్పుడు గంటకి సుమారు 10 సార్లు, నిటారుగా కూర్చుని, గొట్టంలోంచి గాలి లోపలికి నెమ్మదిగా పీల్చి, బంతిని రెండు మూడు సెకన్లు పైన నిలపాలి. చాలామంది బూర ఊదినట్టు ఊదుతారు, ఊదితే బంతి లేవదు. మనవడికి క్రికెట్ కామెంటరీ ఇచ్చే ఉద్యోగం అప్పజెప్పండి. ఒక్క షరతు: ఆయన గాలి వదిలాకే నోరు విప్పాలి. పీలుస్తుండగా నవ్విస్తే పొలమారి దగ్గు తెర వస్తుంది. మూడు బంతులూ లేపాలని పందెం కాయకండి, గబగబా పీలిస్తే కళ్ళు తిరుగుతాయి. మొదటి బంతిని నిలకడగా నిలిపినా లాభమే. ఆ గొట్టాన్ని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, ఎంత ముచ్చటపడినా.

ఉప్పు దగ్గర అందరూ బోల్తా పడతారు. "ఏం కూర అమ్మా, గడ్డి నయం" అన్న జోకు డాక్టరుకి తగలదు, రెండు రకాల వంట చేసి అలసిపోయిన మీ అమ్మకి తగులుతుంది. ఆవిడ కసరడానికి సగం కారణం ఇలాంటివే అయ్యుండొచ్చు. దీనికి పనికొచ్చే పద్ధతి ఇంకోటుంది. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. మీ డాక్టరు ఇంకా తక్కువ చెప్తే అదే పాటించండి. వంటలో ఉప్పు వేయకుండా, ఆయన వంతు పొద్దున్నే ఒక కుంకుమ భరిణెలో పోసి ఆయన చేతికివ్వండి. పప్పులో ఎంత, మజ్జిగలో ఎంత అన్నది ఇక ఆయన ఇష్టం. సాయంత్రానికి ఖాళీ అయితే "ఆర్థిక మంత్రిగారు మధ్యాహ్నమే ఖజానా ఊడ్చేశారు" అనొచ్చు. ఇక్కడ వేళాకోళం ఆయన పదవి మీద, ఆ పదవి ఇచ్చింది మీరే. ఆవకాయ బద్ద అడిగితే ఈ కోటాలో పెద్ద భాగం దానికే పోతుందని భరిణె చూపించండి. లో సోడియం ఉప్పు అని అమ్మేదాన్ని అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, కొన్ని బీపీ మందులతోనూ కిడ్నీ జబ్బుతోనూ అది ప్రమాదం.

ఎవరు అనాలన్నది కూడా ముఖ్యమే. మన ఇళ్ళల్లో పరాచికాలకి వరసలున్నాయి. కొడుకు అంటే పొగరనిపించే మాట బావమరిది అంటే సరసమవుతుంది. కోడలు మామగారితో నేరుగా అనదు, పిల్లాడి మీద పెట్టి అంటుంది: "తాతయ్యనడుగు నాన్నా, నిన్న ఉప్మా బాగుందన్న నోరు ఇవాళ ఏమంటుందో." ఆ వరసల్ని వాడుకోండి. మీ మేనమామ ఊళ్ళో ఉంటే సాయంత్రం నాన్నగారి నడకకి తోడుగా ఆయన్నే పంపండి. ముందు 5 నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు, తర్వాత మెల్లగా పెంచాలి. నాన్నగారు నడుస్తూ బావమరిదితో వాదించగలిగితే ఆ వేగం సరైనదే. మాట మధ్యలో తెగి రొప్పుతుంటే ఆగి కూర్చోవాలి. ఈ పరీక్షకి బావమరిదిని మించిన పరికరం లేదు. అమెరికాలో ఉన్న అక్కో చెల్లెలో అయితే వాట్సాప్‌లో రాసే బదులు వాయిస్ పంపమనండి. అక్షరాల్లో గొంతు వినపడదు, సరదాకి రాసింది దెప్పినట్టు చదువుకుంటారు.

పలకరించడానికొచ్చేవాళ్ళ గురించి కూడా. "మా తోడల్లుడికీ ఇలాగే అయింది, మూడో నెలలో..." అని మొదలుపెట్టేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. గుమ్మం దగ్గర చిన్న హుండీ పెట్టి, భయపెట్టే కథకి 10 రూపాయల జరిమానా అనండి. వసూలు బాధ్యత నాన్నగారిది. మాట మధ్యలోనే ఆయన చెయ్యి చాపితే కథ అక్కడితో ఆగుతుంది.

జోకు కట్టిపెట్టాల్సిన చోటు ఒకటుంది. "నేను పోతే మీకు ఖర్చు తగ్గుతుంది" అని ఆయనే నవ్వుతూ అంటే మీరు నవ్వకండి, ఎదురు జోకు వేయకండి. "ఎందుకలా అనిపిస్తోంది నాన్నా?" అని పక్కన కూర్చుని అడగండి. బైపాస్ తర్వాత దిగులు చాలామందికి వస్తుంది, మెల్లగా తగ్గుతుంది. రెండు వారాలైనా నిద్ర, తిండి, మాట కుదుటపడకపోయినా, చావు మాట మళ్ళీ మళ్ళీ వస్తున్నా డాక్టరుకి చెప్పాలి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ 14416 నంబరుకి రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రేపటికి మాత్రం ముందు మీ అమ్మగారిని వంటింట్లో కలవండి. భరిణె సంగతీ వియ్యంకుడి సంగతీ ఆవిడకి ముందే చెప్పి ఒప్పించండి. ఆవిడకి తెలియకుండా మొదలుపెడితే మళ్ళీ అదే సామెత వినాల్సొస్తుంది. నాన్నగారి దగ్గర "మొన్న బండి అన్నాను, తప్పైంది నాన్నా" అని ఒక్క ముక్క అని, దిండు చేతికివ్వండి. వియ్యంకుడు అందామా అని అడిగి, పేరు మాత్రం ఆయన్నే పెట్టమనండి. ఆయన అసలు వియ్యంకుడి మీద ఏదో ఒకటి అనకుండా ఉండరు.