కల్లు దొరక్క 2 రోజులైంది, నాన్న ఏదేదో మాట్లాడుతున్నాడు: ఇంట్లోనే మాన్పించొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నిజామాబాద్ జిల్లాలోని మీ ఊళ్లో ఎక్సైజ్ వాళ్లు కల్లు దుకాణం మూయించి 2 రోజులైంది. 20 ఏళ్లుగా పొద్దున ఒక సీసా, మాపటికి రెండు సీసాలు తాగే మీ నాన్నకు చేతులు వణుకుతున్నాయి, కంటి మీద కునుకు లేదు, నిన్న రాత్రి నుంచి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు. ఎలాగూ ఆగింది కదా, ఇదే అదనుగా ఇంట్లోనే మాన్పించేద్దామా అని.

వద్దండీ. ఈ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లేనివి కనబడటం మొదలైందంటే ఫిట్స్ ఎప్పుడైనా రావచ్చు, ప్రాణానికే ముప్పు. ముందు 108కి ఫోన్ చేయండి, మిగతాది బండి వచ్చేలోపు చదవండి.

ఇది ఉత్త కల్లు అలవాటు కాకపోవచ్చు. అసలైన ఈత కల్లులోనో తాటి కల్లులోనో ఉండేది నూటికి 4, 5 పాళ్ల ఆల్కహాలు. గిరాకీకి సరిపడా చెట్లు లేని చోట నీళ్లలో శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, ఆల్ఫ్రాజోలం వేస్తారు. చివరి రెండూ నిద్రమాత్రల్లో వాడే మందులే. అంటే మీ నాన్న తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి నిద్రమాత్రలు మింగుతూ ఉండి ఉంటాడు. ఆల్కహాలు వంతు కూడా ఉంటుంది, రెండూ కలిసి ఒకేసారి ఆగిపోయాయి.

మెదడు మరీ ఉద్రేకపడకుండా ఆపే గాబా అనే రసాయనం ఉంది. ఈ మందులు దాని పనిని పెంచుతాయి. రోజూ బయటి నుంచి ఆ సాయం అందుతుంటే మెదడు సొంత అదుపును తగ్గించుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగేసరికి పట్టి ఉంచేది ఏదీ ఉండదు. వణుకు, చెమటలు, గుండె దడ, తర్వాత ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం అందుకే. "మొండికేస్తున్నాడు, వేషాలేస్తున్నాడు" అని దయచేసి కసురుకోకండి.

ఇందులో జనం మోసపోయేది రోజుల లెక్క దగ్గర. ఆల్ఫ్రాజోలం త్వరగా దిగిపోతుంది, సగం పోవడానికి సుమారు 11 గంటలు చాలు. అందుకే మొదటి 2, 3 రోజుల్లోనే దెబ్బ కొడుతుంది. డైజోఫామ్ ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి వారం దాకా మామూలుగా ఉండి, అప్పుడు పడిపోయేవాళ్లుంటారు. "మూడు రోజులు గడిచాయి, గండం గడిచింది" అనుకోవడానికి లేదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి సరుకు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులు ఇలాంటి వాళ్లతోనే నిండాయి.

బండి వచ్చేలోపు ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టి, టైం చూసుకోండి. నోట్లో చెంచా, నీళ్లు, కల్లు ఏమీ పెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మంచానికి కట్టేయకండి. ఊరి ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపిస్తానంటే ఒప్పుకోవద్దు: గ్లూకోజ్ ఫిట్స్‌ను ఆపదు. పైగా సరిగా తినకుండా తాగే మనిషికి బి1 విటమిన్, అంటే థయామిన్, ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో మీరే ఆల్ఫ్రాజోలం కొని వేయడం కూడా వద్దు.

డీ అడిక్షన్ సెంటర్‌కి కాదు, ముందు పెద్దాస్పత్రి క్యాజువాలిటీకే వెళ్లాలి. అక్కడ సిగ్గుపడకుండా, "రోజూ మూడు సీసాల కల్లు, కల్తీ అని అనుమానం, ఆగి 2 రోజులు" అని మొదటి మాటగా చెప్పండి. లేకపోతే జ్వరమనో పిచ్చి అనో అనుకొని చికిత్స దారి తప్పుతుంది. (చెయ్యి విరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు మూడో రోజు మతి తప్పి మాట్లాడటం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. కల్లు సంగతి ఇంట్లోవాళ్లు చెప్పరు.)

అక్కడ డైజోఫామే, చీటీలో డయాజిపామ్ అని రాస్తారు, లెక్క ప్రకారం ఇస్తారు. "మళ్లీ అదే మందా?" అని కంగారు పడకండి. కల్లులో ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఆల్ఫ్రాజోలం నీళ్లలో సరిగా కరగదు, డ్రమ్ము అడుగు నుంచి పోసిన సీసాకూ పై నుంచి పోసిన సీసాకూ పొంతన ఉండదు. అందుకే డాక్టరు వణుకు, నాడి, బీపీ చూస్తూ మోతాదు కుదురుస్తాడు. లివర్ పాడైనవాళ్లకు లొరాజిపామ్ వాడతారు. మనిషి నిలకడగా ఉంటే మోతాదును మెల్లగా, ఇంటికి వచ్చాక అయితే వారానికో రెండు వారాలకో పదో వంతు చొప్పున తగ్గిస్తూ పోతారు. మాత్రలు మీ దగ్గరే పెట్టుకొని పూటపూటకూ చేతికివ్వండి. బాగున్నాడని మధ్యలో ఆపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నిద్ర అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, నెలలు పట్టొచ్చు. చాలామంది మళ్లీ దుకాణానికి పోయేది ఆ నిద్రలేని రాత్రులకు తాళలేకే. పగటి కునుకు ఆపించండి, మాపటి వేళ టీ మాన్పించండి, అప్పటికీ లేకపోతే డాక్టరుకు చెప్పండి. మాపటికి సరిగ్గా దుకాణానికి పోయే గంటకు ఏదో ఒక పని ఉండాలి, అన్నం త్వరగా పెట్టేయాలి. దసరాకో చావు ఇంటి దగ్గరో ఒక సీసా తాగితే తిట్టి వదిలేయకుండా మర్నాడే డాక్టరుకు చూపించండి. మానేసి కొన్ని వారాలైన ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత లెక్కన మూడు సీసాలు పడితే ఊపిరే ఆగొచ్చు.

ప్రైవేటు సెంటర్‌లో చేర్చే ఆలోచన ఉంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. 2017 చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషేధం. ఉచిత సలహాకు 14446.

ఇంకొక్కటి. ఆ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా మాపటికి కల్లు తాగే ఇళ్లు ఉన్నాయి. మీ అమ్మగారు తాగుతారా? తాగితే ఆమెకూ 2 రోజులే అయింది. బయల్దేరే ముందు ఆమెను రెండు చేతులూ ముందుకు చాపమనండి. వేళ్లు వణికితే ఆమెనూ అదే బండిలో ఎక్కించండి.