జనవరిలో వెనిస్‌కి మూడు రోజులు: మెస్త్రేలో దిగాలా, ఊళ్లోనే ఉండాలా?

మీరు అడిగినవి మూడు. జనవరి చలిలో వెనిస్ వెళ్తే డబ్బు దండగా? మెస్త్రేలో సగం రేటుకే హోటల్ దొరుకుతుంటే ఊళ్లో ఉండడం ఎందుకు? గొండోలా (అక్కడి సన్నటి తెడ్డు పడవ) ఎక్కాలా వద్దా? మేమిద్దరం మ్యూనిక్‌లో ఉంటాం. సంక్రాంతి వెళ్లిన వారానికి, బ్రెన్నర్ కనుమ మీదుగా ట్రైన్‌లో వెళ్లి మూడు రాత్రులు ఉండి వచ్చాం. అసలు నాకు వెళ్లడమే ఇష్టం లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ చూస్తూ బెజవాడలో పెరిగినవాణ్ణి, కాలువలు చూడ్డానికి డబ్బు పెట్టడమేంటని మా ఆవిడతో వాదన కూడా పెట్టుకున్నాను. ఓడిపోయాను, మంచిదే అయింది.

బస మాత్రం ఊళ్లోనే తీసుకోండి. వెనిస్ నీళ్ల మధ్య దీవుల మీద ఉంది, మెస్త్రే దాన్ని ఒడ్డుతో కలిపే వంతెనకి ఇవతల, గట్టి నేల మీద ఉన్న మామూలు ఊరు. ట్రైన్‌లో పది నిమిషాలే కాబట్టి కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. కానీ జనవరిలో అయిదు గంటలకే చీకటి పడుతుంది. పగటిపూట వచ్చినవాళ్లంతా ఆ వేళకి స్టేషన్ దారి పడతారు. కార్లు, బైకులు ఎలాగూ లేవు. ఆ తర్వాత సందుల్లో మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. మెస్త్రేలో గది తీసుకుంటే సరిగ్గా ఆ వేళకే మీరూ బయల్దేరాలి. పైగా మధ్యాహ్నం చలికి వణికిపోయి గదికెళ్లి గంటసేపు పడుకుని మళ్లీ రావడం కుదరదు. మాకైతే రోజూ అదే పని. రెండు డిగ్రీలే కదా అనుకోకండి. అక్కడిది తడి చలి, మ్యూనిక్‌లో మైనస్ అయిదు దీనికన్నా నయం.

మేం కన్నరేజో పేటలో దిగాం. మ్యాపులో స్టేషన్ నుంచి 900 మీటర్లే అని సంతోషించాను. ఆ 900 మీటర్లలో అయిదు వంతెనలు ఉన్నాయని, ఒక్కోదానికి ఎక్కే మెట్లు, దిగే మెట్లు ఉంటాయని మ్యాపు చెప్పలేదు. చక్రాల సూట్‌కేసు అయిదుసార్లు మోశాను. మూడు రోజులకి వీపు మీద బ్యాగు చాలు.

ఇక నీళ్ల సంగతి. రెండో రోజు పొద్దున్నే మా ఆవిడ ఫోన్ చూసి, "95 సెంటీమీటర్లట! నడుం దాకా నీళ్లేనా?" అని టెన్షన్ పడిపోయింది. మీరూ ఇలాగే కంగారు పడతారు కాబట్టి చెప్తున్నాను. ఆ అంకె వీధిలో నీటి లోతు కాదు. 1897 నాటి సముద్ర మట్టాన్ని సున్నాగా పెట్టుకుని కొలిచే పోటు ఎత్తు. 80 దాటితే శాన్ మార్కో చౌక్ తడవడం మొదలవుతుంది, ఎందుకంటే ఊళ్లో బాగా పల్లంగా ఉన్న చోట్లలో అదొకటి. సముద్రం ముఖద్వారాల దగ్గర మోసె అని 78 గేట్లు పెట్టారు. 2020 అక్టోబరు నుంచి ఆ గేట్లు పెద్ద పోట్లని ఆపుతున్నాయి. కానీ మామూలుగా 110 దాకా వస్తుందని అంచనా ఉంటేనే వాటిని లేపుతారు. అందుకే 80కి, 110కి మధ్య వచ్చే పోట్లు ఇప్పటికీ చౌక్‌లోకి వస్తూనే ఉంటాయి.

మేం చూసింది అదే. నీళ్లు సముద్రం వైపు నుంచి అలలా వస్తాయనుకున్నాను. కాదు, కాళ్ల కిందే రాతి పలకల మధ్య ఉన్న కాలువ చిల్లుల్లోంచి బుడబుడమంటూ పైకి ఉబికాయి. ముందు ఒక పళ్లెమంత, కాసేపటికి ఒక గదంత. అరగంటలో చర్చి గోపురాలు తలకిందులుగా నీళ్లలో కనిపిస్తున్నాయి. చెక్క బల్లలు వరసగా వేసి ఉన్నాయి, జనం చీమల బారులా వాటి మీద నడుస్తున్నారు. నేనేమో గుడ్డ బూట్లతో వెళ్లాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మోకాళ్ల దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు వీధిలోనే అమ్ముతారు, అవి కొని ముడేసుకున్నాం. మధ్యాహ్నానికి నీళ్లు దిగిపోయాయి. నగరపాలక సంస్థ ఆటుపోట్ల అంచనా రోజూ ఇస్తుంది, రాత్రి పడుకునేముందు ఒకసారి చూసుకుంటే చాలు.

తిండికి ఇబ్బంది లేదు. మా ఆవిడ మాంసం, చేపలు ముట్టదు, గుడ్డు తింటుంది. బాకరో అనే చిన్న కొట్లలో రొట్టె ముక్కల మీద గుమ్మడి, జున్ను, ఆర్టిచోక్ పెట్టి ఇస్తారు. ఏది కావాలో గాజు అద్దంలోంచి వేలు పెట్టి చూపిస్తే సరి. కార్నివాల్ అనే మాస్కుల పండగ ముందు వారాల్లో ఫ్రిత్తెల్లె అని ఎండుద్రాక్ష వేసిన తియ్యటి పునుగులు వస్తాయి. వేడివేడివి దొరికితే వదలకండి. కాఫీ మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి తాగండి. శాన్ మార్కోలో కుర్చీలో కూర్చున్నారంటే బిల్లు చూసి మళ్లీ లేవలేరు.

గొండోలా ఖరారు రేటు పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. మీ ఇద్దరికీ ఆ సరదా గట్టిగా ఉంటే ఎక్కండి, మోసమేం లేదు. మేం ఎక్కలేదు. శాంతా సోఫియా రేవు నుంచి రియాల్టో చేపల మార్కెట్ వైపుకి ట్రగెట్టో అని ఒక పడవ ఊరి మధ్యనున్న పెద్ద కాలువని దాటిస్తుంది. అదీ గొండోలాలాంటిదే, కాస్త వెడల్పు ఎక్కువ, మనిషికి 2 యూరోలు. కూరగాయల సంచులతో వచ్చిన ముసలమ్మలు హాయిగా నిలబడ్డారు. మా ఆవిడ నిలబడతానని పంతం పట్టి, మధ్యలో పక్కనుంచి పెద్ద పడవ వెళ్లి ఊగేసరికి నా జాకెట్ పట్టుకుని అలాగే చతికిలబడింది. ఒక ముసలమ్మ నవ్వి, తన సంచీ పక్కకి జరిపి చోటిచ్చింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో. దిగీ దిగగానే మళ్లీ అవతలికి వెళ్దామంది, వెళ్లాం.

రాత్రిపూట ఒకటో నంబరు వపొరెట్టో, అంటే నీళ్ల మీద తిరిగే బస్సు, ఊరి మొదట్లో ఉన్న పియాజాలే రోమాలో ఎక్కి శాన్ మార్కో దాకా రండి. మూడొంతులు ఖాళీగా ఉంటుంది, పెద్ద కాలువంతా నింపాదిగా చూడొచ్చు. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే పనికొస్తుంది. కాబట్టి రోజుల లెక్కన పాసు తీసుకోవడమే మేలు. బురానో దీవికి వెళ్లే పడవ కూడా అందులోనే వస్తుంది. మబ్బు లేని పొద్దుట ఫొందమెంతె నోవె రేవులో కాసేపు ఆగండి, ఉత్తరాన ఆల్ప్స్ మంచు కొండలు నీళ్ల మీద లేచినట్టు కనిపిస్తాయి. మాకు మూడు రోజుల్లో ఒక్కరోజే కనిపించాయి, మిగతా రెండు రోజులూ పొగమంచే.

గది బుక్ చేసేముందు ఆ ఏడాది కార్నివాల్ తేదీలు చూసుకోండి, ఏటా మారుతుంటాయి. ఆ వారాల్లో పడితే నేను చెప్పిన ఖాళీ సందులూ ఉండవు, మామూలు గది రేట్లూ ఉండవు.