నీ అంకెను నువ్వే కొట్టెయ్యకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఖగోళశాస్త్రం చదువుతానంటే "ఆడపిల్లకు ఆ చదువెందుకు" అంటున్నారని రాశావు. వ్యోమగామి కావాలన్న కోరికను ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఇరికించావు. ఎందుకంత బెరుకు? 1963లోనే సోవియట్ వ్యోమగామి వాలెంటీనా తెరిష్కోవా వోస్తోక్-6 అంతరిక్ష నౌకలో ఒంటరిగా వెళ్లి, భూమిని 48 సార్లు చుట్టి వచ్చింది. ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోకు, పని మొదలుపెట్టు.

లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా పట్టుకో. పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం ఇప్పుడే నేర్చుకో, ఈ రోజుల్లో ఖగోళశాస్త్రంలో సగం పని కంప్యూటర్ ముందే. టెలిస్కోప్ కోసం ఆగొద్దు. డిసెంబరు రాత్రుల్లో పర్సియస్ నక్షత్రమండలంలోని ఆల్గాల్ అనే నక్షత్రాన్ని ఉత్త కంటితో చూడు. మసకగా ఉండే జంట నక్షత్రం దానికి అడ్డం రావడంతో 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. పక్క చుక్కలతో పోల్చి తేదీ, సమయం, నీ అంచనా రాసుకో. ఎప్పుడు మసకబారుతుందో ముందే తెలుసుకుని చూడకు. తెలిస్తే కన్ను అదే చూపిస్తుంది. మబ్బు పట్టిన రాత్రి మబ్బు అనే రాయి.

ఈ అలవాటు మీద ఇంత పట్టుబట్టడానికి కారణముంది. 1925లో ఖగోళశాస్త్రవేత్త సిసిలియా పేన్ నక్షత్రాల వర్ణపటాలను (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలను) లెక్కగట్టి, వాటిలో హైడ్రోజన్ మిగతా మూలకాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చింది. అది అసాధ్యమని ఆనాటి పెద్ద శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ అన్నాడు. ఆమె తన థీసిస్‌లోనే ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని రాసుకుంది. నాలుగేళ్లకు రస్సెల్ వేరే దారిలో అక్కడికే చేరాడు. థీసిస్‌లో ఆమె రాసుకున్న ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. నీ అంకె తప్పని ఎవరైనా అంటే, ఎక్కడ తప్పో చూపించమను. చూపిస్తే దిద్దుకో. చూపించలేకపోతే ఆ అంకెను అలాగే ఉండనీ.

వ్యోమయానానికీ ఇదే వర్తిస్తుంది. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి అంతరిక్ష నడకకు వెళ్లాల్సింది. తనకు మీడియం సైజు సూటే సరిపోతుందని వాళ్లలో ఒకరైన ఆన్ మెక్‌క్లెయిన్ కక్ష్యలో వేసుకుని చూసి తేల్చి చెప్పింది. ఆ సైజు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండటంతో మనిషిని మార్చారు. అదే ఏడాది అక్టోబరు 18న క్రిస్టినా కోచ్, జెస్సికా మెయిర్ కలిసి అలాంటి నడక పూర్తిచేశారు. వస్తువు నీకు సరిపోకపోతే సర్దుకుపోకు, పైకి చెప్పు. పైలట్ కానక్కర్లేదు. డాక్టర్లు, ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు కూడా వెళ్లివచ్చారు. శరీరాన్ని దృఢంగా ఉంచుకో, ఈత నేర్చుకో.

ఆల్గాల్ పుస్తకంలో మొదటి నెల పేజీలు ఫోటో తీసి పంపు. చెరిపి, శుభ్రంగా తిరగరాసి మాత్రం పంపకు.

నీ పెద్దమ్మ