విమానం టైముకు ఎందుకు దిగడం లేదు?

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ. బీటెక్ అయిపోయింది, పైలట్ ట్రైనింగ్‌కు వెళ్లే ముందు ఇంట్లో కంప్యూటర్ మీద సిమ్యులేటర్‌లో బోయింగ్ 737 నేర్చుకుంటున్నా. విశాఖ నుంచి శంషాబాద్‌కు రూటంతా ఎఫ్‌ఎంసీలో (దారి, ఎత్తు, వేగం లెక్కలు చూసే విమానం కంప్యూటర్) వేసి వీనావ్ (ఆ లెక్క ప్రకారం ఎత్తును చూసుకునే ఆటోపైలట్ పద్ధతి) ఆన్ చేస్తే ఒకసారి అసలు దిగడమే మొదలుపెట్టదు, ఇంకోసారి మా ఊరి మీదికి వచ్చినా పాతిక వేల అడుగుల్లోనే ఉంటుంది. కంప్యూటర్ లెక్క తప్పుతోందా?

జవాబు: తమ్ముడూ, లెక్క తప్పడం చాలా అరుదు. దానికి అందాల్సిన వివరం ఏదో అందలేదు. అదేంటో దొరకాలంటే ముందు నోటిలెక్క నీకు రావాలి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు, ఆపైన వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది మైళ్లు. పడమటికి వెళ్లే విమానాలకు సరి సంఖ్య ఎత్తులిస్తారు కాబట్టి 34,000 అడుగుల్లో వస్తున్నావనుకో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. అంటే దిగాల్సింది 32,000. మూడు ముప్పైరెళ్లు తొంభై ఆరు, పదితో కలిపి 106 మైళ్లు, మన కిలోమీటర్లలో దాదాపు 196. నేరుగా వస్తే ఖమ్మం రాకముందే ముక్కు కిందికి వంగాలి. నల్గొండ దగ్గరికి వచ్చేసరికి పదిహేను వేల అడుగుల ప్రాంతంలో ఉండాలి. నువ్వు పాతిక వేలల్లో ఉన్నావంటే పదివేలు ఎక్కువ, దాన్ని పోగొట్టాలంటే ఇంకో ముప్పై మైళ్లు కావాలి, అంత దూరం ఎక్కడ తెస్తావు?

ఇక అసలు దిగకపోవడం సంగతి. దీనికి కారణం నూటికి తొంభైసార్లు ఎంసీపీ (పైలట్ల ముందుండే ఆటోపైలట్ ప్యానెల్) మీద ఉన్న ఎత్తు కిటికీ (ఎత్తు అంకె కనిపించే చోటు). టాప్ ఆఫ్ డిసెంట్ (దిగడం మొదలుపెట్టాల్సిన చోటు) వచ్చేలోపు కంట్రోలర్ అనుమతించిన కింది ఎత్తును అందులో తిప్పి పెట్టాలి, పెట్టకపోతే వీనావ్ ఆన్‌లో ఉన్నా విమానం క్రూజ్ ఎత్తు (దారిలో నిలకడగా ఎగిరే ఎత్తు) వదలదు. 'రీసెట్ ఎంసీపీ ఆల్ట్' అని సీడీయూలో (ఎఫ్‌ఎంసీ స్క్రీన్, కీబోర్డు ఉండే పెట్టె) మెసేజ్ కూడా వస్తుంది, చాలామంది దాన్ని చూడకుండానే చెరిపేస్తారు. ఇది లోపం కాదు, మనిషి ఒప్పుకోకుండా యంత్రం కిందికి రాకూడదని కావాలనే పెట్టిన అడ్డు. ఎయిర్‌బస్ ఏ320లో అయితే ఎత్తు తగ్గించి పెట్టినా దానంతట అది దిగదు, పైలట్ నాబ్ నొక్కాల్సిందే.

దిగుతోంది కానీ ఆలస్యంగా దిగుతోందంటే లెగ్స్ పేజీ (దారిలోని పాయింట్ల జాబితా) తెరిచి మొదటి పాయింట్ నుంచి రన్‌వే దాకా ఒక్కో లైనూ చదువు. స్టార్‌కూ (ఎయిర్‌పోర్టు దగ్గరికి తెచ్చే నిర్ణీత దారి) అప్రోచ్‌కూ (రన్‌వేకు చేర్చే చివరి దారి) మధ్య డిస్కంటిన్యుటీ గళ్లు ఉండిపోయాయేమో చూడు. అక్కడ దారి తెగినట్టే, ఇంకెన్ని మైళ్లు ఎగరాలో దానికి సరిగ్గా తెలియదు. తర్వాత పాయింట్ల పక్కనున్న ఎత్తులు. 250/10000ఏ అంటే 250 నాట్ల వేగంతో, పదివేల అడుగుల్లో గానీ అంతకన్నా పైన గానీ దాటాలని. ఏ బదులు బీ ఉంటే పదివేలు గానీ అంతకన్నా కింద గానీ. అక్షరమే లేకపోతే కచ్చితంగా పదివేలే. ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఉన్న పాయింట్ మీద ఎక్కువ ఎత్తు టైప్ చేశావనుకో, పాపం ఎఫ్‌ఎంసీ దాన్ని గౌరవించి నిన్ను పైనే ఉంచుతుంది.

గాలి గురించి ఎవరూ అడగరు గానీ నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద పై ఎత్తుల్లో తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి వీస్తుంది. విశాఖ నుంచి వచ్చేవాళ్లకు అది వెనక గాలి. డిసెంట్ ఫోర్‌కాస్ట్ పేజీలో ఆ గాలి వేయకపోతే ఎఫ్‌ఎంసీ టాప్ ఆఫ్ డిసెంట్‌ను ఉండాల్సినదానికన్నా ఆలస్యంగా చూపిస్తుంది, నువ్వేమో వెనకనుంచి తోస్తున్న గాలితో పైన పైనే వచ్చేస్తావు. పోనీ నిటారుగా దిగుదామంటే వేగం పెరుగుతుంది. ఈగలపెంట దాటాక శ్రీశైలం ఘాట్‌లో బస్సు దిగడం చూసే ఉంటావు, డ్రైవర్ ముందే గేరు తగ్గించుకుంటాడు తప్ప మలుపులో తంటాలు పడడు. విమానానికీ దిగడం, నెమ్మదించడం రెండూ ఒకేసారి కష్టం, అందుకే ఆ అదనపు పది మైళ్లు. మరీ ఎక్కువైతే స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద లేచి గాలిని అడ్డుకునే పలకలు) వాడు, కానీ లెవెల్ అయ్యే ముందు మూసెయ్యి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నా. ఒక వేపాయింట్ (దారిలో పేరు పెట్టిన గుర్తు) పేరు ఎఫ్‌ఎంసీలో కొడితే ఒక్కోసారి అదే పేరుతో రెండు మూడు కనిపిస్తున్నాయి. పైనున్నదే ఎంచుకోవచ్చా?

జవాబు: వద్దు, దయచేసి అలా చేయొద్దు. 1995 డిసెంబర్ 20 రాత్రి మయామీ నుంచి కొలంబియాలోని కాలీ నగరానికి వస్తున్న బోయింగ్ 757లో సరిగ్గా ఇదే జరిగింది. పైలట్లకు కావాల్సింది కాలీ దగ్గరున్న రోజో బీకన్ (దారి చూపే రేడియో కేంద్రం). చార్టులో దాని గుర్తు ఆర్ అని ఉండటంతో వాళ్లు ఆర్ కొట్టి జాబితాలో మొదటిది తీసుకున్నారు. ఆ డేటాబేస్‌లో ఆర్ అంటే బొగోటా దగ్గరి రోమియో, వంద మైళ్లకు పైగా అవతల. రోజో రావాలంటే పేరు పూర్తిగా కొట్టాలి. విమానం ఎడమకు తిరిగి కొండల్లోకి వెళ్లింది. హెచ్చరిక మోగాక పైకి లేపబోయారు, కానీ దిగడానికి తెరిచిన స్పీడ్‌బ్రేకులు అలాగే ఉండిపోయాయి. 163 మందిలో నలుగురే బతికారు.

అందుకే పాయింట్ ఎంచుకున్నాక ఎగ్జిక్యూట్ (మార్పును ఖాయం చేసే బటన్) నొక్కకుండా ఆగి, లెగ్స్‌లో ఆ పాయింట్ ఎంత దూరం, ఏ దిక్కు అని చూడాలి. మ్యాప్‌లో చుక్కల గీత ఎటు పోతోందో కూడా చూడాలి. ఇద్దరు పైలట్లున్నచోట ఒకరు కొడితే రెండోవారు చూసి సరే అన్నాకే ఎగ్జిక్యూట్. ఇంట్లో ఒక్కడివే ఉన్నా పైకి చదువుతూ చెయ్యి, ఇప్పటి అలవాటే రేపు కాక్‌పిట్‌లోకి వస్తుంది.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. చార్టులో ఉన్న పాయింట్ నా ఎఫ్‌ఎంసీలో లేదంటోంది, ఏం చేయాలి?

జవాబు: నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. ఎఫ్‌ఎంసీ ఐడెంట్ పేజీలో ఆ తేదీలుంటాయి. నీ డేటా ఒక తేదీది, చార్టు ఇంకో తేదీది అయి ఉంటుంది, రెండూ ఒకే విడతవి తెచ్చుకో.