పూర్ణ సంఖ్యల పాఠానికి ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

దేవరకొండ వైపు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పబోతున్నావని, సోమవారం పూర్ణ సంఖ్యలతోనే మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సున్నకు కుడివైపు ధన సంఖ్యలు, ఎడమవైపు ఋణ సంఖ్యలు రాయడం నీకు ఒకరు నేర్పవలసిన పని కాదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను మైనస్ 8, మైనస్ 3లలో ఏది పెద్దదని అడిగాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి మైనస్ 8 అన్నాడు. కారణమైనా అడగకుండా బెత్తం తీశాను. చాచిన అరచేయి దించకుండానే వాడు "ఎనిమిది వేల అప్పు పెద్దదే కద సార్" అన్నాడు. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ ఏడు వాళ్ల బోరు ఎండిపోయిందని సాయంత్రం ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు. వాడన్నది తప్పూ కాదు; అప్పు ఎంతో చూస్తే ఎనిమిదే పెద్దది, మైనస్ గుర్తు వదిలేసి చూసే ఆ విలువనే మనం పరమ మూల్యం అంటాము. ఎవరి స్థితి మెరుగని అడిగి ఉంటే, సున్నకు చేరడానికి మూడే కావలసినవాడు పైన ఉన్నాడని వాడే చెప్పేవాడు. రెండు ప్రశ్నలను కలిపేసింది నేను, దెబ్బ తిన్నది వాడు. ఆ తర్వాత ఏడాదంతా వాడు నా తరగతిలో చేయి ఎత్తలేదు.

అందుకే అప్పులతో మొదలుపెట్టవద్దు. సున్నలోంచి ఋణాన్ని తీసివేస్తే ధనమవుతుందని 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పిన మాట నిజమే, కాని ఆయన ముందు పత్తి రైతుల పిల్లలు కూర్చోలేదు. సున్నను సున్నతో భాగిస్తే సున్న వస్తుందని ఆయనే పొరబడ్డాడు కనుక, పిల్లలు తప్పు చెబితే బెంబేలు పడకు.

మన ఊరి దిగుడు బావిని తలచుకో. గట్టు సున్న, కిందికి దిగే మెట్లు ఋణ సంఖ్యలు. సున్న అంటే ఏమీ లేదని మాత్రం చెప్పకు. గట్టు లేకపోతే లోతును ఎక్కడి నుండి కొలుస్తాము? ఎనిమిదో మెట్టు మీద ఒకరిని, మూడో మెట్టు మీద ఒకరిని నిలబెడితే ఎవరు పైన ఉన్నారో ఏ పిల్లా తడబడదు. మైనస్ మైనస్ ప్లస్ అని పాడించావో, మైనస్ 3లోంచి 4 తీసివేయమన్నా ప్లస్ 7 అని రాస్తారు.

ఆ మెట్లను బడి వాకిట్లో ముగ్గుతో గీయి. సుద్దముక్క దుమ్ము నీకు చిన్నప్పటి నుండి పడదు.

మీ పెదనాన్న
నల్లగొండ